బొట్టు పెట్టిన టికెట్టు

నాకు జనమంటే భయం. ఈ మాట మా ఊళ్లో ఎవరితో అన్నా నవ్వుతారు. అంగన్‌వాడీలో పిల్లలందరినీ ఒక్క కేకతో కూర్చోబెట్టేదాన్ని నేను. గుడ్ల బండి ఆలస్యమైతే ఆ డ్రైవరును రోడ్డు మీదే దులిపేసేదాన్ని కూడా నేనే. నోరు అంత ఉంది, గుండె మాత్రం పిట్టంత. సంతకు పోతే అంచున నిలబడి దొరికిన కూరగాయలు కొనుక్కుని వచ్చేస్తాను. మధ్యలో మంచివి ఉంటాయని తెలుసు. ఉండనీ.

ఆరేళ్ల వయసులో నేను భద్రాచలంలో తప్పిపోయాను. ఆ రోజు సీతారాముల కల్యాణం. మా అమ్మగారి ఊరు బూర్గంపాడు పక్కన అడవి అంచున ఉంటుంది. గోదావరి వంతెన దాటితే భద్రాచలమే. వంతెన మీద అమ్మ కొంగు పట్టుకునే నడిచాను. కరకట్ట దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో ఉన్న కొంగు వేరే ఆవిడది. ఎట్లా మారిందో ఇప్పటికీ తెలియదు. ఆవిడ కిందికి చూసి, "ఎవరి పిల్లవే నువ్వు?" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలంటే ముందు మా కూతల సంగతి చెప్పాలి. ఎండాకాలం బీడీలకు అమ్మే తునికాకు కోతకు అడవిలోకి పోయినప్పుడు తలా ఒక దిక్కుకు పోతాం. పది అడుగుల అవతల మనిషి కనపడదు. అందుకని మా వైపు ప్రతి ఇంటికీ ఒక కూత ఉంటుంది. మా పుట్టింటిది ముందు ఒక పొడుగు, తర్వాత రెండు పొట్టివి: కూఊఊ, కూ, కూ. అత్తగారింటిది దీనికి తిరగేసి: కూ, కూ, కూఊఊ. పెళ్లయ్యాక గొంతు మార్చుకోవడానికి నాకొక ఎండాకాలం పట్టింది. దారి తప్పినవాళ్లు అడుగు కదపకూడదు. ఉన్నచోటే కూర్చుని తమ ఇంటి కూత కోసం చెవి ఒగ్గి ఉండాలి, వినపడగానే అదే కూతతో పలకాలి. వినీ పలకనివాళ్లకు, తమాషాకైనా సరే, మా ఇళ్లల్లో వీపు చిట్లుతుంది.

ఆ రోజు కరకట్ట మెట్ల మీద కూర్చుని నేను మా అమ్మగారింటి కూత పెట్టాను. మళ్లీ పెట్టాను. గొంతు పోయేదాకా పెట్టాను. మైకుల్లో మంత్రాలు, తప్పిపోయిన వేరేవాళ్ల పిల్లల పేర్లు, పోలీసుల ఈలలు. ఎవరూ పలకలేదు. పొద్దు వాలేవేళకు అమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ముందు రెండు పీకింది, తర్వాత ఏడ్చింది. ఆ దెబ్బలు నేను ఎప్పుడో మర్చిపోయాను. ఎవరూ పలకని ఆ పూట మాత్రం మర్చిపోలేదు.

ఇప్పుడు నా కూతురికి పద్నాలుగేళ్లు. మా ఊరి నుంచి టేకులపల్లికి ఆటోలో పోయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎప్పుడు చూసినా బొమ్మల కథలు గీస్తుంటుంది. వాటిలో వాళ్ల నాయనమ్మే హీరో. ఇప్పపూలు ఏరుకుంటూ ఎదురొచ్చిన ఎలుగుబంట్లను బండబూతులు తిట్టి తరిమేస్తుంది. నేను కూడా అక్కడక్కడా ఉన్నాను, ప్రతిచోటా నోరు తెరుచుకుని.

పత్తి చేతికొచ్చే రోజుల్లో ఒక సాయంత్రం నా పక్కన చేరి మెల్లగా విషయం చెప్పింది. హైదరాబాదులో కామిక్ పుస్తకాల పండుగ జరుగుతుందట. దేశంలో బొమ్మల కథలు గీసేవాళ్లంతా అక్కడికి వస్తారట. ఎవరి వీడియోలు చూసి తను గీయడం నేర్చుకుందో ఆ ఆవిడ కూడా వస్తుందట, పిల్లలు నోట్‌బుక్కులు తెస్తే చూసి మాట్లాడుతుందట.

"జనం బాగ వస్తరా?" అన్నాను.

"మస్తు వస్తరమ్మా! కాలు పెట్టనీకి సందుండదు."

అది మురిసిపోతూ చెప్పింది. భయమని చెప్పలేక తిట్టాను. చదువు లేదా, పత్తి ఎవరేరతారు, బొమ్మలు కూడు పెడతాయా, ఇట్లా నోటికొచ్చినవన్నీ అన్నాను. అది నోట్‌బుక్కు తీసి దూలం మీద పెట్టేసింది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, వారం రోజులు పెన్సిల్ ముట్టలేదు. దాని మొహం చూస్తే జనం కంటే ఎక్కువ భయమేసింది నాకు. ఎనిమిదో రోజున, "సరే, పోదాం లే, ఏడవకు" అన్నాను. అది ఏడవడం లేదు. నేనే ఏడుపు ఆపుకుంటున్నాను.

టికెట్లు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. మేము కనుక్కునేలోపే మొదటి విడత అయిపోయింది. రెండో విడత ఒక శనివారం పగలు పన్నెండింటికి వదులుతారని తెలిసింది. మా ఊళ్లో సిగ్నల్ ఒక గీత వస్తుంది, అదీ దాని బుద్ధి పుట్టినప్పుడు. దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులని పదకొండింటికే ఇద్దరం టేకులపల్లి బస్టాండు పక్కనున్న నెట్ సెంటరుకు పోయాం. ఆ సెంటరాయన కుల సర్టిఫికెట్లకీ పరీక్ష ఫీజులకీ అలవాటుపడ్డ మనిషి.

"బొమ్మల పుస్తకాలు కొననీకి గూడ టికెట్టా అక్కా?"

"కొననీకి కాదు తమ్ముడూ, చూడనీకి."

"చూడనీకా!" అని నావైపు ఒకలా చూసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

సరిగ్గా పన్నెండింటికి నొక్కాడు. మీరు వరసలో ఉన్నారు, మీ ముందు వేలమంది ఉన్నారు అని తెర మీద వచ్చింది. తెర మీద ఒక గీత, దాని మీద నత్తలా జరిగే చుక్క. ఒక్క మనిషీ కనపడడు. అయినా నాకు చెమటలు పట్టాయి. ఆ వేలమందీ ఆ చిన్న కొట్లోకి వచ్చి నా మీద పడుతున్నట్టే ఉంది. కూతురు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. అయిపోతే బాగుండు, దొరకకపోతే బాగుండు అని ఒక క్షణం మనసులో అనుకున్నాను. ఈ మాట దానికి ఇప్పటికీ చెప్పలేదు.

మా వంతు వచ్చింది. మెయిల్ ఐడీ అడిగాడు. నాకెక్కడిది! "అయితే నాదే పెడుతున్న, నంబరు గూడ నాదే పెడుతున్న" అన్నాడు. డబ్బు నా ఖాతాలోంచి పోవాలి కనుక ఓటీపీ మాత్రం నా ఫోన్‌కే రావాలి. కొట్లో సిగ్నల్ లేదు. ఫోన్ పట్టుకుని రోడ్డు మీదికి ఉరికాను. లోపల్నుంచి ఆయన అరుపు, "అక్కా, ఒక్క నిమిషమే ఉంది! జల్దీ!" ఫోన్ ఆకాశం వైపు ఎత్తిపట్టుకుని నిలబడ్డాను. చివరికి టింగుమంది. అక్కణ్నుంచే అంకెలు గట్టిగా అరిచాను. బస్టాండులో ఉన్నవాళ్లంతా నా ఓటీపీ విన్నారు.

"అయింది!" అన్నాడు ఆయన. నా కూతురు కొట్లోనే గంతులేసింది.

రెండు కాగితాలు ప్రింటు తీసి ఇచ్చాడు. మనిషికొకటి, మధ్యలో నల్లచుక్కల చదరం. "నీ ఫోన్‌కు గూడ పంపాల్నా అక్కా?" అని అడిగాడు. కాగితం చేతిలో ఉంటేనే నాకు నమ్మకం. "ఎందుకు తమ్ముడూ, ఇది ఉంది గద" అని కొంగున చుట్టుకుని వచ్చేశాను.

బయల్దేరే రోజు పొద్దున్నే మా అత్త తలస్నానం చేసి కూర్చుంది. బొమ్మల పుస్తకాల జాతర అని మనవరాలు చెప్పింది కదా, జాతరకు పోతూ ఇంటి వేల్పుకు చెప్పకుండా పోవడం ఆమెకు తెలియదు. మూలగదిలో వేల్పు ముందు దీపం పెట్టి, టికెట్లు తెమ్మంది. పెళ్లిపత్రికకూ కొత్తబట్టకూ రాసినట్టే నాలుగు మూలలా పసుపు రాసింది. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు ఆ నల్లచుక్కల చదరాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ముగ్గు మంచిగ వేసిండ్రు. నడుమ బొట్టు లేదేంది?"

నూనెలో కలిపిన కుంకుమలో బొటనవేలు ముంచింది.

"నాయనమ్మా, వద్దు! అది మిషన్ చదవాలె!" అని కూతురు అరిచి తన కాగితం లాక్కుంది.

"మిషన్ ఏం చదువుతదే? అదేమన్న బడికి పోయిందా?" అంది అత్త.

నాకు ఒళ్లు మండింది. అత్త మీద కాదు, కూతురి మీద. పెద్దామె దీవిస్తుంటే కాగితం లాక్కోవడమేంటి? పైగా ప్రయాణం పొద్దున! "నాలుగు బొమ్మలు గీయంగనే నెత్తికెక్కినయా? పెద్దమనిషి చేతికి అడ్డం పోతవా?" అని వాయించేసి, నా కాగితం నేనే అత్త ముందు పరిచాను. ఆమె వేలు ముగ్గు మధ్యలో నిండుగా దిగింది. కూతురు తన కాగితం నోట్‌బుక్కులో దాచుకుంది. ఆ రోజు దాని మాట విని ఉంటే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదు.

మా ఆయన పత్తి వదిలి రాలేడు కనుక మేమిద్దరమే బయల్దేరాం. ఆ రాత్రికి హైదరాబాదులో మా చెల్లెలి కిరాయి గదిలో ఉండి, పొద్దున్నే పండుగ జరిగే హాలుకు పోయాం. బయటి రోడ్డు మీది నుంచే జనం. మామూలు జనమైనా కాదు. నీలం మొహాలవాళ్లు, వీపున అట్టరెక్కలు కట్టుకున్నవాళ్లు, మనిషంత కత్తులు మోసేవాళ్లు, మొహమే లేకుండా ముసుగులు తొడుక్కున్నవాళ్లు. జాతరలో పూనకం వచ్చినవాళ్లను చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, వాళ్లంటే భయం లేదు. వాళ్ల మొహం వాళ్లకుంటుంది. ఇక్కడ నా బిడ్డను ఎవరైనా పట్టుకుపోతే ఏ మొహమని చెప్పను?

కూతురి చున్నీ కొసను నా మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను.

"అమ్మా, ఇడువు. అందరు చూస్తుండ్రు."

"చూడనీ. కండ్లున్నయ్, చూస్తరు."

గేటు దగ్గర ఇనుప కడ్డీలతో సన్నని దారులు కట్టారు. ఒక్కొక్కరే పోవాలి. చున్నీ విప్పక తప్పలేదు. అది ముందు, నేను వెనక. దాని కాగితం మీద మిషన్ పెట్టగానే కీచుమంది. లోపలికి పోయింది. నా కాగితం మీద పెట్టారు. చప్పుడు లేదు. మళ్లీ పెట్టారు. లేదు.

"ఆంటీ, దీని మీద ఇదేంటి?" అంది మిషన్ పట్టుకున్న అమ్మాయి.

"బొట్టు."

"బొట్టా?"

గబగబా కొంగు తడిపి తుడిచాను. నూనె కుంకుమ కదా, ముగ్గంతా ఎర్రగా అలుక్కుపోయింది. కనపడే నాలుగు చుక్కలు కూడా మునిగిపోయాయి. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి, మీ మెయిల్లో ఉంటుంది చూపించండి అంది. నా మెయిల్! నెట్ సెంటరాయనకు ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. అంతే.

"పక్కకు జరగండి ఆంటీ, లైన్ ఆగిపోతోంది."

తలెత్తి చూశాను. కడ్డీల అవతల కూతురు వెనక్కి తిరిగి నాకోసం చూస్తోంది. చెయ్యెత్తింది. అంతలో రెక్కలవాళ్ల గుంపొకటి మా మధ్యలోంచి పోయింది. ఆ రెక్కలు దాటిపోయాక చూస్తే అది నిలబడ్డ చోట ఎవరూ లేరు.

దాని దగ్గర ఫోన్ లేదు. దానికి ఆ ఊరు తెలియదు. గేటు దగ్గరున్న సెక్యూరిటీ మనిషి చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ లోపలుంది, పోనియ్యన్నా" అన్నాను. టికెట్ కావాలమ్మా అన్నాడు. పాపం, నెమ్మదిగానే అన్నాడు. నేనే అరిచాను. నా వెనక లైను గొణుగుతోంది. ఇంకేం చేయాలో తోచక, సిగ్గూ శరమూ పక్కన పెట్టి, కడ్డీ పట్టుకుని కూత పెట్టాను.

కూ, కూ, కూఊఊ!

లైన్లో తలలన్నీ నావైపు తిరిగాయి. తర్వాత నీలం మొహంవాడొకడు, "కూ!" అన్నాడు. వెంటనే లైను లైనంతా అందుకుంది. కూ, కూ, కూ! ఇదీ వేషాల్లో భాగమే అనుకున్నారు. నవ్వులు, చప్పట్లు. ఆ గోలలో నా బిడ్డ గొంతు కోసం వెతికాను. లేదు.

రెండోసారి పెట్టాను. ఈసారి లోపలున్నవాళ్లు కూడా కలిశారు. ఎవరో ఫోన్ తీసి నన్ను వీడియో పట్టడం మొదలుపెట్టారు. అన్ని గొంతులు పలుకుతున్నాయి, నాకు కావాల్సిన గొంతు తప్ప. పద్ధతి దానికి తెలుసు. ఏడేళ్ల నుంచి నా వెంట తునికాకుకు వస్తోంది, ఒక్కసారి కూడా పలకకుండా ఉన్నది కాదు. పలకలేదంటే వినపడనంత దూరం పోయి ఉండాలి, లేదా ఎవరో నోరు మూసి ఉండాలి. నా బుద్ధి అక్కడిదాకా పోయింది. నా కింద నేల హైదరాబాదుది కాదు. కరకట్ట మెట్ల మీద ఉన్నాను.

మూడోసారి ఎట్లా పెట్టానో నాకు గుర్తు లేదు. గొంతులోంచి ఏదో వచ్చింది, అంతే. ఈసారి ఎవరూ నవ్వలేదు. నీలం మొహంవాడు కూడా నోరు మూసుకుని నావైపు చూశాడు.

కూఊఊ, కూ, కూ.

లోపలి నుంచి, సన్నగా. తర్వాత ఇంకోసారి, దగ్గరగా. రెక్కలను రెండు చేతులతో నెట్టుకుంటూ నా కూతురు పరుగెత్తుకొచ్చి కడ్డీలకు గుద్దుకుంది. రెండు పీకుదామని నా చెయ్యి లేచింది, మధ్యలో ఇనుము అడ్డం. ఆ చెయ్యే సందులోంచి పెట్టి దాని జుట్టు పట్టుకుని ఏడ్చాను.

కాసేపటికి నెట్ సెంటరాయన ఫోన్ చేశాడు. "తానం చేస్తున్ననక్కా, ఏమైంది?" అన్నాడు. చెప్పేసరికి నవ్వలేదు, మంచివాడు. వెంటనే టికెట్టు నా ఫోన్‌కు పంపాడు. మిషన్ కీచుమంది. లోపల ఏం చూశానో నన్నడగకండి. దాని చున్నీ తప్ప ఏమీ చూడలేదు. ఆ బొమ్మలావిడ మాత్రం నోట్‌బుక్కు తిరగేసి, ఎలుగుబంటిని తిట్టే ముసలమ్మను చూసి పడీపడీ నవ్వింది. ఇంకో పేజీ దగ్గర ఆగి, ఈ నోరు తెరుచుకున్నామె ఎవరు అని అడిగింది. నా కూతురు వేలెత్తి నన్ను చూపించింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో ఖమ్మంలో బస్సు మారాం. ఇల్లందు దాటి అడవి మొదలయ్యాక నాకు ఊపిరి కొంచెం తేలికైంది. అప్పుడడిగాను.

"నిజం చెప్పు. నేను మొదటిసారి పిలిస్తే నీకు వినవడలేదా?"

అది మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "విన్న" అంది.

"రెండోసారి?"

"అది గూడ విన్న."

"మరి పలకలేదేందే?"

"అందరు నవ్వుతుండ్రు అమ్మా. వీడియో తీస్తుండ్రు. నాకు సిగ్గయింది. నువ్వెవరో తెల్వనట్టు అటు తిరిగి నిలవడ్డ."

తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. భద్రాచలంలో నా కూత ఎవరికీ వినపడలేదని ఇన్నేళ్లూ అనుకున్నాను. అందులోనే ఇంత భయం పెట్టుకుని బతికాను. నా బిడ్డే విని కూడా ఊరుకుంటుందని నాకు ఏనాడూ తట్టలేదు. పట్టపగలు, చల్లని బస్సులో, నాకు మళ్లీ చెమట పట్టింది.

"మూడోసారి ఎందుకు పలికినవ్ మరి?" అన్నాను, జవాబు వినడానికి కూడా భయపడుతూనే.

"మూడోసారి నువ్వు మన కూత పెట్టలేదమ్మా. అమ్మమ్మోళ్ల కూత పెట్టినవ్."

"నేనా?"

"అవ్. పొడుగుది ముందు, పొట్టియి ఎనక. నువ్వెప్పుడన్న గట్ల పెట్టినవా? మొదాల నన్ను ఎతుకుతున్నవనుకున్న. నేను తప్పిపోలేదు గద, జనం నెడితే జర లోపటికి పోయిన, గంతే గద, ఆగనీ అనుకున్న. గది వినంగనే తెలిసింది, తప్పిపోయింది నువ్వే అని. అందుకే ఉరికొచ్చిన."

టేకులపల్లిలో దిగేటప్పుడు దాని చున్నీ కొస పట్టుకుని వెనకే నడిచాను.